క్రాకోవ్‌లో పావెల్ వ్వోద్కోవిత్స్ అడుగుజాడల్లో: ఒక ఆడియో గైడ్ సమీక్ష

క్రాకోవ్ పాతపట్టణంలో ఫోనులో వింటూ నడిచే ఆడియో గైడ్లు అనేకం ఉన్నా, రాజుల కథలను పక్కన పెట్టి ఒక మతాచార్యుని జీవితాన్నే ఇతివృత్తంగా ఎంచుకున్నది నాకు ఈ ఒక్కటే కనిపించింది. 1370 ప్రాంతంలో పుట్టి, ప్రాగ్‌లోనూ పాడువాలోనూ చదివి, క్రాకోవ్ విశ్వవిద్యాలయానికి రెక్టరై, కాన్‌స్టాన్స్‌లో జరిగిన కాథలిక్ చర్చి మహాసభలో పోలండ్ రాజు తరఫున, ట్యూటోనిక్ నైట్లనే జర్మన్ మతసైనిక సంఘానికి వ్యతిరేకంగా వాదించిన పావెల్ వ్వోద్కోవిత్స్ ఇందులో కథానాయకుడు.

ఈ నడకలో ప్రాణం ఉన్న భాగం విశ్వవిద్యాలయపు పాత భవనమైన కొల్లేగియుమ్ మాయుస్ లోగిలిలో వినిపించేది. బావి పక్కన నిలబడగానే రెండు గొంతులు వాదులాట మొదలుపెడతాయి. క్రీస్తు రాకతో అన్యమతస్థుల రాజ్యాధికారం రద్దయిపోయిందని పదమూడవ శతాబ్దపు చర్చి న్యాయవేత్త హోస్టియెన్సిస్ చెప్పిన మాటను ఒక గొంతు పట్టుకుంటే, వారికీ ఆస్తి మీద, పాలన మీద న్యాయమైన హక్కు ఉంటుందన్న పోపు నాలుగవ ఇన్నోసెంట్ అభిప్రాయాన్ని ఆధారం చేసుకుని పావెల్ గొంతు బదులిస్తుంది. 1387 నాటికే లిథువేనియా క్రైస్తవం స్వీకరించగా, అదే మతం పేరిట ట్యూటోనిక్ నైట్లు దండయాత్రలు కొనసాగించడం ఎలా చెల్లుతుందన్న ప్రశ్న దగ్గర పావెల్ గొంతు ఒక్క క్షణం ఆగుతుంది. ధర్మశాస్త్ర చర్చను ఇంత సుబోధకంగా వినిపించిన రచయితలను మెచ్చుకోవాలి.

అయితే అదే లోగిలిలో పొరపాటు కూడా ఉంది. ఆ వంపుల వసారాల కింద పావెల్ పచార్లు చేసినట్టు వర్ణించారు కానీ, అవి పదిహేనవ శతాబ్దం చివర కట్టినవి, ఆయన 1435లోనే కన్నుమూశారు. పోలండ్ సేనలు ఆ నైట్లను ఓడించిన 1410 నాటి గ్రూన్వాల్డ్ యుద్ధానికి ఢంకాలతో, గుర్రపు డెక్కల చప్పుడుతో నాలుగు నిమిషాలు వెచ్చించి, పాడువా చదువును ఒక్క వాక్యంలో దాటవేయడం ఇంకా పెద్ద లోపం. అక్కడ ఆయనకు న్యాయశాస్త్రం బోధించిన ఫ్రాంచెస్కో జబరెల్లా తర్వాత కార్డినల్ హోదాలో అదే కాన్‌స్టాన్స్ సభలో కూర్చున్నారు. గురువున్న సభలో శిష్యుడు వాదించిన సన్నివేశాన్ని వదిలేసి ఢంకాలు మోగించడం ఏమిటో నాకు బోధపడలేదు.

మరో అభ్యంతరం చిత్రణ గురించి. పావెల్‌ను మానవహక్కులకు ఆద్యుడిగా కీర్తించే ఉత్సాహంలో, ఆయన తన రాజు ప్రయోజనం కోసం వాదించిన న్యాయవాది అన్న సంగతిని మరుగున పడేశారు. ఆ రెండూ ఒకే మనిషిలో ఉండటమే ఈ జీవితంలోని ఆసక్తి. పైగా కథ 1418లో, సభ ముగింపుతోనే ఆగిపోతుంది. పోలండ్‌కూ నైట్లకూ మధ్య వివాదాన్ని సభ తేల్చలేదు. 1420లో వ్రోత్స్వావ్‌లో జర్మనీ రాజు సిగిస్ముండ్ నైట్లకు అనుకూలంగా తీర్పునిచ్చాడు, దాన్ని సవాలు చేయడానికి పావెల్ రోమ్ దాకా వెళ్లారు. ఆయన మొండితనం పూర్తిగా బయటపడేది ఈ ఓటమి తర్వాతే. 1418 నుంచి ఆయన మరణం దాకా గడిచిన పదిహేడేళ్ల గురించి ఒక్క మాట కూడా లేదు.

చివరి మజిలీ వావెల్ కథెడ్రల్. ఎండలో కొండెక్కించి, ఆయన అక్కడి కానన్ (కథెడ్రల్ మతాధికారి) అని ఒక్క ముక్క చెప్పి ముగిస్తారు. తీరిక తక్కువైనవారు దాన్ని వదిలేసి, లోగిలి భాగాన్నే రెండుసార్లు వినవచ్చు. నేను అదే చేశాను.