నగిషీ గీతకు ఐప్యాడా, గెలాక్సీ ట్యాబా?

ఉదయగిరి కొయ్య గరిటెల పిడులపై చెక్కే పూల నగిషీలను తెరపైనే గీసుకోవాలనుకునే మా నెల్లూరు జిల్లా చిత్రకారులు సాధారణంగా ఐప్యాడ్, శామ్‌సంగ్ గెలాక్సీ ట్యాబ్ ఎస్9ల మధ్య ఊగిసలాడుతుంటారు.

గెలాక్సీతో తెరపై గీసే పెన్ను, ఎస్ పెన్, పెట్టెలోనే వస్తుంది. గీయడానికి కావలసిన శక్తిని తెర నుంచే అందుకుంటుంది కనుక, కరెంటు పోయిన మధ్యాహ్నం పెన్ను ఛార్జింగు గురించి బెంగపడనక్కరలేదు. మెమరీ కార్డు కూడా వేసుకోవచ్చు.

ఐప్యాడ్‌కు ఆపిల్ పెన్సిల్ అనే పెన్ను విడిగా కొనాలి. చాలామంది పొరబడేది ఇక్కడే: 2023లో వచ్చిన యూఎస్‌బీ-సీ పెన్సిల్ ధర తక్కువే గాని, అది చేతి ఒత్తిడిని గుర్తించదు. ఆకు ఈనె మొదట్లో లావుగా ఉండి, కొసకు వచ్చేసరికి వెంట్రుకంత సన్నబడాలంటే ఆ గుణం ఉండి తీరాలి. కాబట్టి ఒత్తిడిని గుర్తించే పెన్సిళ్లలో మీ ఐప్యాడ్‌కు సరిపడేది ఏదో ముందే తెలుసుకోవాలి.

ఇంత ఖర్చు పెట్టినా ఐప్యాడ్ వైపు మనసు లాగడానికి కారణం బొమ్మలు గీసే ప్రొక్రియేట్ యాప్. ఆండ్రాయిడ్‌లో దొరకని ఈ యాప్‌ను ఒక్కసారి కొంటే చాలు. సగం పువ్వు గీస్తుంటే మిగతా సగం అద్దంలో ప్రతిబింబంలా దానంతట అదే ఏర్పడుతుంది. నగిషీయే జీవనాధారమైనవారికి నేను ఐప్యాడ్‌నే సూచిస్తాను. నేర్చుకునేవారికి గెలాక్సీ చాలు. ఏది కొన్నా, దుకాణంలోనే స్కేలు ఆనించి నెమ్మదిగా ఒక ఏటవాలు గీత గీసి, అది వణుకుతోందేమో చూడండి.