సముద్రం కనిపించని గది, ఫుతామి కప్పలు

జపాన్‌లో కప్పల జాడ వెతుకుతూ సాగిన మా యాత్రలో అన్నింటికన్నా ఎక్కువ డబ్బు తీసుకున్నది ఈసె సమీపంలోని ఫుతామి తీరంలో ఒక వసతిగృహం. మమ్మల్ని మోసగించినదీ అదే. ‘సముద్రాభిముఖ బస’ అన్న ప్రకటన నమ్మి ముగ్గురికి రాత్రికి 33,000 యెన్‌లు ముందే చెల్లించాము. తీరా కిటికీ తెర తొలగిస్తే ఎదురుగా పక్క భవనం గోడ తప్ప మరేమీ లేదు. అడిగితే, ప్రకటన భవనం గురించే గాని గది గురించి కాదని, సముద్రం వైపు గది కావాలంటే మరో 6,000 యెన్‌లు అవుతుందని తల వంచి మర్యాదగా చెప్పారు. ఆ మర్యాద నా కోపాన్ని ఏమాత్రం తగ్గించలేదు. మా శ్రీమతి ఆ రాత్రి భోజనం దగ్గర ఒక్క మాటా మాట్లాడలేదు. ఈసె పట్టణంలోనే బస చేయడం మేలు. అక్కడి నుంచి ఫుతామినోఉరా స్టేషన్‌కు రైలులో కొద్ది నిమిషాలే, ఆపైన ఆలయానికి పావుగంట నడక.

మర్నాడు తెల్లవారుజామున ఫుతామి ఒకితమ ఆలయానికి వెళ్లాము. ప్రవేశానికి రుసుము లేదు. కప్పలు ఇక్కడి దైవమైన సరుతహికోకు దూతలని, బాటసారులను క్షేమంగా ఇల్లు చేరుస్తాయని, పోయిన వస్తువులను తిరిగి ఇప్పిస్తాయని నమ్మకం. మొక్కు తీరినవారు సమర్పించిన కప్ప విగ్రహాలు ఎటు చూసినా ఉన్నాయి. నీటిలో ఉన్న ఒక కప్పపై మా అబ్బాయి భక్తిగా నీళ్లు పోశాడు. సముద్రంలో తాడుతో ముడివేసిన, ‘దంపతుల శిలలు’ అని పిలిచే రెండు బండల ముందు నిలబడ్డాక గాని మా శ్రీమతి ముఖంలో నవ్వు కనిపించలేదు.

మత్సుమోతో నగరంలో కప్పల బొమ్మలతో నిండిన నవాతె వీధిలో సమయం హాయిగా గడిచింది. 877 మీటర్ల త్సుకుబా పర్వతం మాత్రం మరువలేనిది. టోక్యోలోని అకిహబారా నుంచి త్సుకుబాకు రైలులో 45 నిమిషాలు, ఆపైన బస్సు. పూర్వం సంతలలో బోదురుకప్ప నూనె అమ్మినవారి వాక్చాతుర్యాన్ని అక్కడ నేటికీ ప్రదర్శిస్తారు. బోదురుకప్పను అద్దాల పెట్టెలో ఉంచితే తన వికార రూపాన్ని తానే చూసుకొని కార్చే చెమటే ఈ మందని చెబుతూ, కత్తితో కాగితాన్ని ముక్కలు ముక్కలుగా కోసి, అదే కత్తిని చేతిపై ఆనించి, మందు రాయగానే నెత్తురు ఆగినట్టు చూపుతారు. 2013లో పోకెమాన్ ఆటలలోకి వచ్చిన గ్రెనింజా అనే నింజా కప్పంటే ప్రాణమిచ్చే మా అబ్బాయి అక్కడి నుంచి కదలనన్నాడు. బోదురుకప్ప మాయలు తెలిసిన వీరుడు జిరాయా 19వ శతాబ్దపు కథలలోనే ఉన్నాడని, ‘నరుతో’ అనే జపాన్ కామిక్ కథలోని జిరాయాకు ఆ పేరు అక్కడి నుంచే వచ్చిందని చెబితే వాడి ఆశ్చర్యానికి అంతు లేదు. ప్రదర్శన సాధారణంగా సెలవు రోజులలోనే ఉంటుంది గనుక ముందే కనుక్కొని వెళ్లాలి.

క్యోటోలో 1,400 యెన్‌లకు హనఫుదా అనే జపాన్ పేకల కట్ట కొన్నాము. కొమ్మను అందుకోవడానికి పదే పదే ఎగిరే కప్పను చూసి పట్టుదల నేర్చుకున్నాడని చెప్పే లేఖన కళాకారుడు ఓనో నో మిచికజె, గొడుగుతో, కప్పతో సహా అందులోని విల్లో పేకపై ఉంటాడు. 1889లో నేటి వీడియో గేమ్‌ల సంస్థ నింటెండో ఆరంభమైంది ఈ పేకల తయారీతోనే. కుందేళ్లతో కుస్తీపట్టే కప్పల ప్రాచీన చిత్రాల కోసం కోజాన్‌జి ఆలయానికి వెళ్లేవారు మాత్రం ఒకటి తెలుసుకోవాలి: అక్కడ చూపేవి నకళ్లే, అసలు చిత్రపటాలు టోక్యో, క్యోటో జాతీయ మ్యూజియంల సంరక్షణలో ఉన్నాయి.