ఇసుకలో పెళ్లికి ఉప్పాడ జాందానీ చీర: నాలుగేళ్ల వాడకం తర్వాత

గోదావరి జిల్లాల్లో అంతర్వేది, ఓడలరేవు, పేరుపాలెం వైపు సముద్రం ఒడ్డున పందిరి వేసి పెళ్లి చేసుకోవాలనుకునేవాళ్లు చీర ధర గురించీ రంగు గురించీ గంటలు గంటలు మాట్లాడతారు, ఉప్పు సంగతి మాత్రం ఎత్తరు. ఒడ్డున కట్టిన చీరని తడి కంటే ఎక్కువగా పాడుచేసేది, ఇంటికొచ్చాక కూడా నేతలో మిగిలిపోయే ఉప్పు. ఈ సమీక్ష ఆ లెక్కన చూసి రాసిందే.

చీర: ఉప్పాడ జాందానీ. పడుగు (నిలువు దారం), పేక (అడ్డ దారం) రెండూ పట్టే. గంధం రంగు, ఒళ్లంతా దారపు బుటాలు (నేతలోనే వేసిన చిన్న బొమ్మలు), రెండంగుళాల జరీ అంచు. 2021లో 16,500 రూపాయలు. ఇంటి తూకంలో 420 గ్రాములు. ఇప్పటికి పదకొండుసార్లు కట్టడం అయింది, అందులో మూడుసార్లు ఇసుక మీద. బుటాలు ఒక్కటీ ఊడలేదు. పట్టు మెత్తబడిందే తప్ప చీలలేదు. కింది అంచులో కుచ్చిళ్ల దగ్గర ఒక అడుగు మేర జరీ నల్లబడింది. భుజం దగ్గర పిన్ను రంధ్రాలు రెండు పెద్దవయ్యాయి. కుచ్చిళ్ల భాగం రంగు కొంచెం వెలిసింది.

ఉప్పాడ కాకినాడకి ఉత్తరాన, సముద్రం ఒడ్డునే ఉన్న ఊరు. అక్కడి జాందానీకి 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరుతో మరమగ్గం చీరలు కూడా బోలెడు అమ్ముతారు కాబట్టి దుకాణంలో మొదట చేయాల్సిన పని చీర వెనక్కి తిప్పడం. జాందానీలో ఒక్కో బుటాకి విడిగా చిన్న దారపు కండెతో చేత్తో పేక ఎక్కిస్తారు. ఆ దారం బుటా దగ్గరే మొదలై అక్కడే ముగుస్తుంది. అందుకే రెండు వైపులా బొమ్మ దాదాపు ఒకేలా కనిపిస్తుంది. మరమగ్గం చీరలో వెనక వైపు బుటాకీ బుటాకీ మధ్య దారాలు వేలాడతాయి, లేదా కత్తిరించిన మొనలు వేలికి గరుగ్గా తగులుతాయి. ఒడ్డున తేడా తెలిసేది ఆ మొనల దగ్గరే. ఇసుక అక్కడే పట్టుకుంటుంది, గాజులూ మెట్టెలూ అక్కడే లాగుతాయి. నాలుగైదు బుటాలు పక్కపక్కన పెట్టి చూడండి. చేతి పనిలో వెంట్రుకవాసి తేడా ఉంటుంది, అది లోపం కాదు. పట్టు అసలైనదో కాదో తెలియాలంటే అంచు చివరి దారం ఒకటి అడిగి కాల్చండి. వెంట్రుక కాలిన వాసనొచ్చి బూడిద వేళ్ల మధ్య పొడి అయితే పట్టు. గట్టి పూసలా ముద్దకడితే పాలిస్టర్. నిండా బుటాలున్న చీర నేయడానికి వారాలు పడుతుంది కాబట్టి రంగు చెప్పి నేయించుకునేవాళ్లు కనీసం మూడు నెలల ముందు చెప్పాలి.

జరీ విషయంలో మొహమాటం వద్దు. అసలు జరీ అంటే పట్టు దారం మీద వెండి తీగ చుట్టి బంగారు పూత వేసింది. హాఫ్ ఫైన్ అనేదాంట్లో వెండి పూత కింద ఉండేది రాగి. ఉప్పూ చెమటా తగిలితే ఆ రాగి పచ్చగానో నల్లగానో మారుతుంది. అంచులో జరీ ఏ రకమో బిల్లు మీద రాయమని అడగండి. రాయనంటే దాన్ని హాఫ్ ఫైన్ కిందే లెక్కేసుకోండి. ఒడ్డున పెళ్లికి రెండంగుళాల కంటే పెద్ద జరీ అంచు తీసుకోవద్దనే నా గట్టి అభిప్రాయం. బుటాలు కూడా జరీవి కాకుండా దారంవి ఉంటే మంచిది. పెద్దంచు కంచిపట్టు మీద మనసుంటే అది ఇంటి దగ్గర రిసెప్షన్‌కి కట్టుకోవచ్చు.

రంగు సంగతి క్లుప్తంగా. ముదురు రంగుల మీద ఉప్పు ఆరాక తెల్ల చారలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. గంధం, పసుపు, లేత మామిడిచిగురు రంగుల మీద అంతగా కనపడవు. తలంబ్రాల పసుపు మరక కూడా వీటిలో కలిసిపోతుంది.

బరువు తక్కువ కావడం వల్ల సుఖం ఎంతో, గాలికి చిక్కు అంత. పొద్దెక్కాక సముద్రం మీంచి గాలి మొదలై సాయంత్రం దాకా వీస్తూనే ఉంటుంది. పగటి ముహూర్తమైతే పైట కుచ్చెత్తి భుజం దగ్గర పిన్ను పెట్టి ఊరుకుంటే చాలదు. పైట చెంగు నడుం చుట్టూ తిప్పి రెండో పిన్ను పెట్టాలి. పిన్ను కింద చిన్న గుడ్డముక్క మడిచి పెడితే బరువు పట్టు దారాల మీద పడదు. ఈ చీర భుజం దగ్గర రంధ్రాలు ఆ గుడ్డముక్క పెట్టకపోవడం వల్ల వచ్చినవే. మామూలు ఇనుప పిన్నులు ఉప్పుగాలికి ఒక్క రోజులో తుప్పు పడతాయి. పట్టు మీద తుప్పు మరక వదలదు. స్టెయిన్‌లెస్ స్టీల్ పిన్నులే కొనండి. జాకెట్టు హుక్కులకీ ఇదే మాట.

హోమం దగ్గర ఇంకో చిక్కుంది. వధూవరుల్ని తూర్పు ముఖంగా కూర్చోబెడతారు. ఇక్కడ సముద్రం కూడా తూర్పు, దక్షిణాల్లోనే. దాంతో పగలు గాలి హోమగుండం మీదుగా నేరుగా వాళ్ల మీదికే వస్తుంది, పొగా నిప్పురవ్వలూ ఒళ్లో పడతాయి. సముద్రం వైపు మూడడుగుల ఎత్తున కొబ్బరాకు తడిక కట్టిస్తే కూర్చున్నవాళ్ల మీదికి గాలి జోరు చాలా తగ్గుతుంది. పందిరి వేసేవాళ్లకి ముందే చెప్పాలి. పట్టు మీద రవ్వ పడితే చిన్న రంధ్రంతో పోతుంది, మంట పాకడం తక్కువ. జార్జెట్, నెట్ లాంటి పాలిస్టర్ బట్టలు కరిగి ఒంటికి అంటుకుంటాయి, హోమం ముందు అవి వద్దే వద్దు. మధుపర్కాలు నూలువి కాబట్టి తేలిగ్గా అంటుకుంటాయి, అవి కట్టుకున్నప్పుడు కొంగు ఒళ్లో దోపుకోవాలి. కొత్త మధుపర్కాన్ని ముందు ఒకసారి తడిపి గంజి తీసేయండి. గంజి ఉంటే బిరుసుగా గాలికి తెరచాపలా ఎగురుతుంది.

లోపల సాటిన్ లంగా వేసుకుంటే చీర జారుతుంది, నూలు లంగాయే వేసుకోండి. ఇసుకలో పాదం దిగబడుతుంది కాబట్టి ఇంట్లో గచ్చు మీద చీర నేలకి రెండంగుళాలు పైకి ఉండేలా కట్టాలి. ఫాల్ నూలుదైతే కుట్టే ముందు తడిపి ఆరబెట్టాలి. లేకపోతే తర్వాత అది కుంచించుకుపోయి అంచు ముడతలు పడుతుంది. జాకెట్టుకి లోహపు తీగలతో కుట్టే జర్దోసీ మగ్గం వర్క్ బదులు చేతుల అంచుకి నరసాపురం లేసు వేయించడం మేలు. చేత్తో అల్లిన నూలు లేసు కావడంతో నల్లబడే లోహం అందులో లేదు, ఉతికితే మళ్లీ కొత్తదే. పెళ్లికొడుక్కి సన్నని అంచు నూలు పంచె చాలు.

ఇక అసలు పని పెళ్లయ్యాకే. ఆ రాత్రి చీర మడతపెట్టి బీరువాలో పెట్టకూడదు. పిన్నులన్నీ తీసి నీడలో దండెం మీద వేయాలి. మన ఒడ్డు ఇసుకలో ఇల్మనైట్ లాంటి సన్నని నల్ల రేణువులు కలిసి ఉంటాయి. తడిగా ఉండగా చేత్తో రుద్దితే అవి నేతలోకి దిగిపోతాయి. పూర్తిగా ఆరాక దులిపి, అంచు వెంట మెత్తటి బ్రష్షుతో ఒకే వైపుకి తుడవాలి. మర్నాడు పొద్దున మంచు చెమ్మకి చీర జిగురుగా తగిలితే ఉప్పు ఉన్నట్టే. ఉప్పు గాలిలోని తేమని లాక్కుంటుంది. ఆ తేమ జరీని తింటుంది, పట్టునీ బలహీనం చేస్తుంది.

చాలామంది నేరుగా డ్రై క్లీనింగ్‌కి ఇస్తారు. డ్రై క్లీనింగ్‌లో నీళ్లుండవు, ఉప్పు కరిగేది నీళ్లలోనే. నూనె మరక పోతుంది, ఉప్పు మిగిలిపోతుంది. రోలింగ్ (రోలర్ మీద చుట్టి ముడతలు పోయేలా నొక్కడం) చేయించారంటే ఆ ఉప్పుని లోపలికి నొక్కినట్టే. కాబట్టి ముందు మంచినీళ్లలో జాడించాలి. ఇక్కడే తీరం ఊళ్లకి కష్టం. బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పగానే ఉంటాయి, వాటితో జాడిస్తే మొదటికే మోసం. ఇరవై లీటర్ల తాగేనీళ్ల క్యాన్లు రెండు తెప్పించుకోండి.

ముందు పైట మూల తడిపి తెల్ల గుడ్డతో అద్ది, రంగు దిగుతుందేమో చూడాలి. దిగితే ఇంట్లో ఉతక్కండి, పట్టుచీరలు నీళ్లలో ఉతికేవాళ్లకి ఇచ్చి, ఉప్పు తగిలిందని చెప్పండి. రంగు దిగకపోతే పది లీటర్ల చన్నీళ్లలో ఐదు నిమిషాలు ఉంచి తీయండి. మళ్లీ కొత్త నీళ్లు పది లీటర్లు. మూడోసారి, కుంకుడుకాయలు నానబెట్టి వడకట్టిన రసం కలిపిన నీళ్లు, నాలుగోసారి వట్టి నీళ్లు. సబ్బు తగలనివ్వకూడదు. పసుపు మరక సబ్బుకి ఎర్రబడుతుంది, పట్టుకి సబ్బులోని క్షారం పడదు. పిండకుండా తువ్వాల్లో చుట్టి నీరు దింపి నీడలో ఆరేయాలి. ఇస్త్రీ చేసేటప్పుడు పైన పల్చటి నూలు గుడ్డ తప్పనిసరి.

ఈ చీరలో నల్లబడ్డ ఆ అడుగు అంచు ఎలా వచ్చిందో చెప్పాలి. మొదటిసారి ఉతికినప్పుడు ఫాల్ కింద చేరిన ఇసుక అలాగే ఉండిపోయింది. అక్కడ తడి ఆరలేదు, ఉప్పు పోలేదు. రెండోసారి నుంచి ఒడ్డున కట్టిన ప్రతిసారీ ఫాల్ కుట్టు ఒక మూల విప్పి దులిపాకే ఉతకడం జరిగింది. ఆ తర్వాత మచ్చ పెరగలేదు. నల్లబడిన జరీని చింతపండుతోనో నిమ్మకాయతోనో తోమకండి. మెరుపు రాకపోగా పూత ఊడుతుంది.

దాచేటప్పుడు పాత నూలు పంచెలో చుట్టి, జరీ లోపలికి వచ్చేలా మడిచి, మూణ్ణెల్లకోసారి మడతలు మార్చాలి. కలరా ఉండలు జరీకి తగలకుండా ఉండాలి. వానాకాలం వెళ్లగానే ఒక పూట నీడలో గాలికి వేస్తే ఆ ఏడాదికి చాలు. భుజం దగ్గరి రంధ్రాలకి మాత్రం డార్నింగ్ (దారాన్ని నేతలా అల్లి పూడ్చడం) చేయించాలి. చిన్నగా ఉన్నప్పుడే చేయించి ఉంటే అదే రంగు పట్టు దారంతో కనపడకుండా పోయేవి, ఇప్పుడు వెనక చిన్న పట్టు గుడ్డ అతుకు వేయక తప్పదు.