ఆ పసుపు క్యాప్సూల్స్ కొనేముందు ఇది చదవండి

ఇంకా కోపం తగ్గలేదు, అందుకే ఇప్పుడే రాస్తున్నాను. ఫోన్ తెరిస్తే ఎదురయ్యే ఆ "95 శాతం కర్క్యుమిన్" (పసుపులో ఉండే ముఖ్య పదార్థం) ఎక్స్‌ట్రాక్ట్ వాళ్ళ గురించే, పేరు చెప్పక్కర్లేదు, ఇక్కడ కొన్నవాళ్ళు చాలామందే ఉన్నారు. నాన్నకు మోకాళ్ళ నొప్పులు, గుండె కవాటం మార్చినప్పటి నుంచి రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ వాడుతున్నారు. ఆర్డర్ పెట్టేముందు మందు పేరు రాసి మరీ చాట్‌లో అడిగాను, దీనితో కలిపి వేసుకోవచ్చా అని. "పూర్తిగా సహజం సార్, దేనితోనైనా వేసుకోవచ్చు, డాక్టర్‌ని అడగాల్సిన పని లేదు" అన్నారు. నమ్మాను.

మూడో వారానికి నాన్న చేతుల మీద నీలం మచ్చలు, పళ్ళు తోముకుంటే చిగుళ్ళ నుంచి రక్తం. పరీక్ష చేయిస్తే, 3 దగ్గర ఉండాల్సిన ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడం ఎంత ఆలస్యమవుతోందో చెప్పే లెక్క, పెరిగితే రక్తస్రావం ముప్పు) 6 దాటింది. డాక్టర్ డబ్బా తిప్పి చూసి, వెనక చిన్న అక్షరాల్లో ఉన్న పైపెరిన్ చూపించారు. మిరియాల నుంచి తీసే పదార్థం అది, ఒంట్లోకి కర్క్యుమిన్ ఎక్కువగా చేరడానికి కలుపుతారు, కానీ కొన్ని మందులను కాలేయం విరగ్గొట్టే పనికి కూడా అడ్డుపడుతుంది. పసుపు కొమ్ములో కర్క్యుమిన్ 2 నుంచి 5 శాతం దాకా ఉంటుంది, వీళ్ళు అమ్మేది 95. పసుపే కదా అనుకున్నాను, అది నా తప్పే. వార్ఫరిన్ వాడే ఒకరు ఇలాంటి ఉత్పత్తి మొదలుపెట్టాక ఐఎన్ఆర్ 10 దాటిందని న్యూజిలాండ్ మందుల నియంత్రణ సంస్థ మెడ్‌సేఫ్ 2018లోనే హెచ్చరించింది. అమ్మేవాళ్ళకు ఇది తెలిసి ఉండాలి కదా!

ఫోన్ చేసి జరిగింది చెప్పాను. అవతలి మనిషి అంతా విని, ఏమాత్రం తడబడకుండా, "మీ నాన్నగారిది పెద్ద వయసు కదండీ, ఏదో ఒకటి వస్తూనే ఉంటుంది" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ చెవిలోనే ఉంది. మా నాన్న పక్క గదిలో చేతికి పట్టీ వేసుకుని పడుకుని ఉన్నారు, నాకు నోట మాట రాలేదు. చాట్‌లో మీరు చెప్పిందేమిటి అని అడిగితే, అది మా సలహా కాదు, సాధారణ సమాచారం అన్నాడు.

ల్యాబ్ రిపోర్ట్ పంపమంటే పంపినది యాంటీఆక్సిడెంట్ పరీక్షది, డీపీపీహెచ్ అని, ఊదారంగు ద్రావణం పసుపు రంగుకు మారుతుందా లేదా అని గాజు గొట్టంలో చూసేది. అది మనిషి ఒంట్లో ఏం జరుగుతుందో చెప్పదు. ఇలాంటి కారణంతోనే అమెరికా వ్యవసాయ శాఖ 2012లో తన ఓరాక్ విలువల పట్టికను (ఆహారాల యాంటీఆక్సిడెంట్ బలాన్ని ల్యాబ్‌లో కొలిచిన అంకెలు) తీసేసింది. పైగా ఆ రిపోర్ట్ మీద ఉన్న బ్యాచ్ నంబర్ ఒకటి, మా డబ్బా మీద ఉన్నది వేరొకటి. సీసం లాంటి విషపు లోహం ఉందా లేదా అన్నదాని మీద ఒక్క వరుస లేదు.

ఇంట్లో ఎవరైనా రక్తం పలుచబడే మందు వాడుతుంటే ఏ మొక్క ఎక్స్‌ట్రాక్టూ డాక్టర్‌కి చూపించకుండా మొదలుపెట్టకండి. చాట్ మొత్తం స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోండి, నా చాట్‌ని వాళ్ళు నిన్న తీసేశారు.