ఉరిశిక్ష కేసుల్లో పని: లిటిగేషనా, మిటిగేషనా, జిల్లా లీగల్ ఎయిడా?

ఉరిశిక్ష పడ్డ ఖైదీల కోసం పనిచేయాలనుకునే లా, సోషల్ వర్క్ పట్టభద్రుల ముందు మూడు దారులున్నాయి. స్వచ్ఛంద సంస్థలో అప్పీళ్లు నడిపే లిటిగేషన్ బృందం ఒకటి. అదే సంస్థలో ఖైదీ బతుకంతా తవ్వి, ఉరి ఎందుకు వద్దో కోర్టుకు చూపించే మిటిగేషన్ పని రెండోది. సంస్థతో పనిలేకుండా జిల్లా కోర్టులో చేసే లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సెల్ ఉద్యోగం మూడోది. పేరుకు మూడూ ఒకటే. చేసేవాళ్ల రోజు మాత్రం దేనికదే.

లిటిగేషన్‌లో చేరగానే కోర్టులో వాదించవచ్చనుకునేవాళ్లు మొదటి నెలలోనే నీరుగారిపోతారు. వాదించేది సీనియర్, ఆయన చేతిలోని నోటు రాసేది మీరు. సెషన్స్ కోర్టు వేసిన ఉరిశిక్ష హైకోర్టు ధ్రువీకరిస్తే తప్ప అమలు కాదు (కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 407, పాత సీఆర్‌పీసీ 366). ఖైదీ అప్పీలు వేయకపోయినా ఫైలు హైకోర్టుకు వెళ్తుంది. అలాగని అప్పీలు వదిలేయకూడదు, దానికి గడువు 30 రోజులే. ఆ తర్వాత నెలల తరబడి కేసు కాగితాలన్నీ కలిపి కుట్టిన పేపర్‌బుక్‌తో కుస్తీ. సాక్షుల తెలుగు వాంగ్మూలాలను ఇంగ్లిష్ అనువాదంతో మాట మాటా పోల్చాలి. సాక్షి "పొలం వైపు పోయాడంట" అంటాడు. అనువాదంలో ఆ "అంట" రాలిపోతుంది, విన్న మాట కాస్తా కళ్లారా చూసిన సాక్ష్యమైపోతుంది. పంచనామాలో వస్తువు స్వాధీనం చేసుకున్న తేదీకీ, ల్యాబ్‌కు చేరిన తేదీకీ మధ్య అది ఎవరి దగ్గరుందో, సీలు ఎప్పుడు పడిందో చూడాలి. ఇదంతా ఓపికున్నవాళ్ల పని. ఇష్టంగా చేసేవాళ్లు ఉన్నారు, వాళ్లకు ఇంకో దారి చెప్పనక్కర్లేదు.

గడువుల పుస్తకం కూడా ఈ బృందం దగ్గరే ఉంటుంది. తీర్పును మళ్లీ చూడమని వేసే రివ్యూ పిటిషన్‌పై బహిరంగ కోర్టులో మౌఖిక వాదన వినాలని 2014లో మహమ్మద్ ఆరిఫ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, దొరికేది అరగంట. క్షమాభిక్షకు బీఎన్‌ఎస్‌ఎస్ 472 కింద 30 రోజులు, గవర్నర్ కాదంటే రాష్ట్రపతికి 60 రోజులు. ఈ 30 రోజులు లెక్కపెట్టేది కోర్టు నిర్ణయం సంగతి జైలు సూపరింటెండెంట్ ఖైదీకి చెప్పిన రోజు నుంచి. ఆ సమాచారం అందిన కాగితం నకలు, తేదీతో సహా, మీ ఫైలులో లేకపోతే తర్వాత ఏ రోజు చెప్పారన్నదే గొడవవుతుంది.

ఇక మిటిగేషన్. కొత్తవాళ్లకు మా సిఫారసు దీనికే. అప్పీలు దశకు వచ్చేసరికి నేరానికి సంబంధించిన సాక్ష్యం గడ్డకట్టుకుపోయి ఉంటుంది, దాదాపుగా ఏదీ కొత్తగా చేర్చలేరు. చేర్చగలిగేది మనిషి గురించిన సమాచారం. నేరంతో పాటు నేరస్థుణ్ణీ చూడాలని 1980లో బచ్చన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది గానీ, చూపించేవాళ్లు లేక ఆ మాట చాలాకాలం కాగితం మీదే ఉండిపోయింది. 2022 మేలో మనోజ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక మానసిక పరీక్ష, కుటుంబ నేపథ్యం, జైలు ప్రవర్తన, ప్రొబేషన్ అధికారి నివేదిక తెప్పించడం ట్రయల్ కోర్టులకే విధిగా మారింది. అయితే ప్రభుత్వం తెచ్చే నివేదిక తరచూ "ప్రవర్తన సంతృప్తికరం" అనే ఒక్క వాక్యం. మిగతాదంతా మీరు నింపాల్సిందే.

పని ఇలా సాగుతుంది. ముందు జైల్లో ఏకాంతంగా మాట్లాడేందుకు కోర్టు ఉత్తర్వు తెచ్చుకోవాలి. "సిబ్బంది వినబడని దూరంలో ఉండాలి", "రికార్డర్ అనుమతించాలి" అన్న రెండు మాటలూ ఉత్తర్వులోనే ఉండాలి, లేకపోతే గేటు దగ్గరే ఆగిపోతారు. మొదటి ములాఖత్‌లో నేరం ఊసెత్తకూడదు. మూడు నాలుగు సార్లు కలిశాక గానీ చిన్నతనం బయటికి రాదు. కుటుంబాన్ని ఒక్కచోట కూర్చోబెట్టి అడగడం అందరూ చేసే తప్పు: నాన్న ఎదుట అమ్మ దెబ్బల సంగతి చెప్పదు, అన్న ఎదుట చెల్లి అసలు నోరు విప్పదు. ఒక్కొక్కరినీ విడిగా, కనీసం రెండుసార్లు కలవాలి. బంధువుల్లో ఒకరిని దుబాసీగా పెట్టుకుంటే మీకు చేరేది వాళ్లకు నచ్చిన కథే. ఊళ్లోకి సంస్థ బోర్డున్న జీపేసుకుని వెళ్తే సాయంత్రానికి ఆ ఇంటికి వెలి తప్పదు.

విన్నదానికి కాగితం తోడు కావాలి: స్కూల్ అడ్మిషన్ రిజిస్టర్, ఆస్పత్రి ఓపీ చీటీలు, ఉపాధి హామీ జాబ్ కార్డు, జైలు వైద్య రికార్డు. ఒక్క రిజిస్టర్ ఏం చేయగలదో ఉరిశిక్ష పడ్డ నారాయణ్ చేతన్‌రామ్ చౌధరి కేసు చూపింది. రాజస్థాన్ బడి రికార్డుల్లో అతని పేరు నిరానారామ్. ఆ ఇద్దరూ ఒక్కరేనని తేలాక, నేరం నాటికి అతనికి పన్నెండేళ్లేనని 2023 మార్చిలో సుప్రీంకోర్టు ఒప్పుకుని విడుదల చేసింది. అప్పటికే 28 ఏళ్లు జైల్లో గడిచాయి. బాలుడన్న వాదన ఏ దశలోనైనా తేవచ్చు (జువెనైల్ జస్టిస్ చట్టం, సెక్షన్ 9). అందుకే రిజిస్టర్‌లో ఇంటిపేరు మారినా, పిలుపు పేరే ఉన్నా "ఇతను కాదు" అని పక్కన పెట్టేయకూడదు. సర్టిఫికెట్ నకలుతో సరిపెట్టుకోకుండా అసలు పేజీని, ముందూ వెనకా ఉన్న పేజీలతో సహా, ఫొటో తీయాలి.

నివేదికలు ఓడిపోయేది ఎక్కువగా రాతలో. "పేదరికంలో పెరిగాడు, మంచివాడు" అని రాస్తే జడ్జి పేజీ తిప్పేస్తారు. ఏ ఏడు ఎన్ని నెలలు వలస వెళ్లారు, తలకు దెబ్బ తగిలిన తర్వాత బడిలో హాజరు ఎలా పడిపోయింది, ఇలాంటివి వరసగా పెట్టాలి. మానసిక వ్యాధి పేరు రాయడం మీ పని కాదు, సైకియాట్రిస్టుది. మీరు లాయరు కాకపోతే ఇంకో జాగ్రత్త: న్యాయవాది రహస్య రక్షణ ఆయన దుబాసీలకు, గుమాస్తాలకు, ఉద్యోగులకు వర్తిస్తుంది (కొత్త సాక్ష్య చట్టం బీఎస్‌ఏ, సెక్షన్ 132). మీ నియామకం ఆ న్యాయవాది కింద, రాతపూర్వకంగా ఉండాలి. ఏడాది కష్టపడ్డా తీర్పులో మీ పేరు కనిపించకపోవచ్చు. అది గుచ్చుకునే స్వభావమైతే ఈ దారి వద్దు.

లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సెల్ పథకాన్ని జాతీయ న్యాయ సేవల అథారిటీ (నల్సా) 2022లో తెచ్చింది. చీఫ్‌కు పదేళ్లు, డిప్యూటీకి ఏడేళ్ల ప్రాక్టీసు కావాలి, కొత్తవాళ్లు అసిస్టెంట్లు. ఉరిశిక్ష పడే అవకాశమున్న కేసును పదేళ్ల అనుభవమున్నవాళ్లకే ఇవ్వాలని 2019లో అనోఖీలాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి మొదట్లో మీరు పక్కన కూర్చునేవాళ్లే. అయినా చిన్నచూపు చూడకండి. 2016 నాటి డెత్ పెనాల్టీ ఇండియా రిపోర్ట్ ప్రకారం ఉరిశిక్ష పడ్డవాళ్లలో 74.1 శాతం ఆర్థికంగా బలహీనులు. కేసు పాడయ్యేదీ, బాగుపడేదీ ఇక్కడే. దోషి అని తేల్చిన పూటే శిక్ష ఖరారు కాకుండా వాయిదా కోరుతూ, మనోజ్ తీర్పును ఉదహరిస్తూ ఒక్క పేజీ మెమో ఆ రోజే వేయగలిగితే, పైకోర్టులో ఏళ్ల పని తప్పుతుంది. ప్రైవేటు కేసులు తీసుకోకూడదు. ఫైళ్ల భారం మాత్రం విపరీతం, ఒక్క మనిషి గురించి లోతుగా వెళ్లే తీరిక దొరకదు.

జీతం విషయానికొస్తే, పూర్తికాలం జీతగాడైన న్యాయవాది ప్రాక్టీసు చేయకూడదని బార్ కౌన్సిల్ రూల్ 49. కాబట్టి లిటిగేషన్‌లో మీ ఒప్పందం కన్సల్టెంట్‌గానే ఉండొచ్చు: టీడీఎస్ కోత ఉంటుంది, పీఎఫ్ ఉండదు. మిటిగేషన్‌లో ఉద్యోగిగా చేరితే సనద్ (న్యాయవాదిగా నమోదు పత్రం) సస్పెండ్ చేయించుకోవాలా అని ముందే అడగండి. విదేశీ నిధులతో నడిచే చోట గ్రాంటు ఎన్నాళ్లుంటే ఒప్పందం అన్నాళ్లే.

ఇంటర్వ్యూలో ఇంకో రెండు అడగాలి. ఒక్కో మిటిగేషన్ పరిశోధకుడి చేతిలో ఒకేసారి ఎన్ని కేసులుంటాయి? ఐదు దాటితే రిపోర్టులు అచ్చుపోసినట్టు తయారవుతున్నాయనే లెక్క. తయారైన రిపోర్టును, ఖైదీకి నష్టమని తోచి, కోర్టులో వేయకుండా ఆపేసిన సందర్భం ఉందా? ఆ ప్రశ్నకు ఆలోచించి జవాబిచ్చే చోట చేరండి.