జాగ్రత్త: "తక్కువ తిరిగిన ఇంజన్" అని మార్కర్‌తో రాసి ఉంటే నమ్మకండి

ఇప్పుడే అక్కడి నుంచి వచ్చాను. చేతులు ఇంకా వణుకుతున్నాయి. తప్పులుంటే సర్దుకుని చదువుకోండి.

గ్యారేజీ పేరు రాయను, రాయక్కర్లేదు కూడా. బానెట్ ఎత్తి, రేజ్ చేసి, సైలెన్సర్ మోత వినిపిస్తూ వారానికో వీడియో పెట్టే ఆయనే. మీలో సగం మంది ఆ వీడియోల కింద చప్పట్లు కొట్టినవాళ్లే. నేనూ కొట్టాను.

సంగతి గబగబా చెప్పేస్తాను. నాది 1.2 లీటర్ల బుల్లి కారు. 1,12,000 కిలోమీటర్లు తిరిగినా ఒక్కసారి దారిలో ఆగలేదు. దానికున్న ఒకే ఒక్క లోపం దాని ఓనరు. ఎత్తు రోడ్డు మీద ఎవరో ఓవర్‌టేక్ చేసి పోయారని నాకు రోషం వచ్చింది. "2 లీటర్లది ఎక్కించేద్దాం అన్నా, 42 వేలే తిరిగింది, ముట్టుకుంటే మాసిపోతుంది" అన్నాడు ఆ గ్యారేజీ ఆయన. కంప్రెషన్, అంటే సిలిండర్లలో ఒత్తిడి ఎంతుందో, చెక్ చేసి చూపించమన్నాను. "స్టార్ట్ చేసి వినిపిస్తుంటే ఇంకా టెస్టులేంటన్నా? నా మీద నమ్మకం లేదా?" అన్నాడు. అక్కడే పడిపోయాను. మొహమాటానికి పోతే ఏదో అయిందట, ఆ సామెత పూర్తిగా రాయను, నాకు అదే అయింది.

ఆ ఇంజన్ మీద తెల్ల పెయింట్ మార్కర్‌తో 42,000 అని రాసి ఉంది. అందులో 2 తోక కొక్కెంలా పైకి తిరిగి ఉంది. ఈ కొక్కెం గుర్తుపెట్టుకోండి.

పది రోజుల పని ఏడు వారాలైంది. అబద్ధమెందుకు, బండి చేతికొచ్చిన మొదటి రోజు గాల్లో తేలాను. మూడో రోజు చెక్ లైట్ వెలిగింది. ట్రాఫిక్‌లో నిలబడితే చాలు, టెంపరేచర్ ముల్లు ఎరుపు వైపు పాకుతోంది. ఎందుకు పాకదు? రేడియేటర్ పాతదే, ఆ చిన్న ఇంజన్‌కి సరిపోయేది. గేర్‌బాక్సూ పాతదే. 110 న్యూటన్ మీటర్ల టార్క్ మోసే డబ్బా మీద 190 పడేస్తే ఎన్నాళ్లు మోస్తుంది? పంతొమ్మిది రోజులు మోసింది. ఆ తర్వాత మూడో గేరు పళ్లు రాలాయి. బ్రేకులు కూడా పాతవే. వేగం రెట్టింపైతే ఆపడానికి నాలుగు రెట్లు శక్తి కావాలని బళ్లో చదువుకున్నాను. అది ఎప్పుడు గుర్తొచ్చిందంటే, ముందున్న లారీ వెనక లైట్లు నా అద్దం నిండా కనిపించినప్పుడు.

పైగా వెనకాల నీలం పొగ. వేరే మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. పెద్దాయన నాలుగు ప్లగ్గులూ విప్పి గేజి పెట్టి చూశాడు. 170, 165, 110, 95. సిలిండర్ల మధ్య పది శాతం తేడా వస్తేనే అనుమానించాలట. తక్కువ వచ్చిన రెండింట్లో చెంచాడేసి ఆయిల్ పోసి మళ్లీ చూస్తే ముల్లు పైకి లేచింది. అంటే పిస్టన్ రింగులు అరిగిపోయాయి. "ఇది 42 వేలు తిరిగిన ఇంజన్ అయితే నాకు పద్దెనిమిదేళ్లు" అన్నాడు, మీసాల్లోంచి నవ్వుతూ. నాకు నవ్వు రాలేదు.

ఇవాళ పొద్దున ఆ గ్యారేజీకి వెళ్లాను. గొడవకి కాదు. నా పాత ఇంజన్ నాకు ఎక్కించి ఇచ్చేయమని అడుగుదామని. బండి ఇచ్చిన రోజు "మీ ఇంజన్ ఇక్కడే మూలన పెట్టి ఉంచుతా అన్నా" అని ఆయనే అన్నాడు మరి. ఇవాళ అడిగితే ఫోన్లోంచి తల ఎత్తకుండా "అదా, స్క్రాప్ వాడు పట్టుకుపోయాడు" అన్నాడు.

సరేలే అని వెనక్కి తిరిగాను. షెడ్డు చివర ఒక ఇంజన్ చెక్క స్టాండ్ మీద ఉంది. శుభ్రంగా కడిగి, వెండి రంగు కొట్టి, పైన ప్లాస్టిక్ కవర్ కప్పారు. ఒక కుర్రాడు దాన్ని ఫోన్లో ఫోటోలు తీసుకుంటున్నాడు. కవర్లోంచి పసుపు రంగు కనిపించింది. ఆయిల్ పోసే మూత. నా ఇంజన్ నల్ల మూత పగిలిపోతే, ఏదో వేరే మోడల్‌ది తెచ్చి నేనే బిగించాను, అది పసుపుది. కవర్ తీశాను. తెల్ల మార్కర్‌తో 28,000 అని ఉంది. రెండు అంకె తోక కొక్కెంలా పైకి.

కాసేపు నాకు మాట రాలేదు. తర్వాత బండిలోంచి కాగితాలు తెచ్చి, బ్లాక్ మీద ఇంజన్ నంబర్ దగ్గర రంగు గోటితో గీకాను. చివరి నాలుగు అంకెలు కనిపించాయి. అవే. ఇది నాది అన్నాను. లేచి వచ్చాడు. "ఇంజన్లన్నీ ఒకలాగే ఉంటాయి బాబూ." ఏడు వారాలు అన్నని, ఒక్క క్షణంలో బాబునయ్యాను. గేర్‌బాక్స్ సంగతేంటి, బ్రేకుల సంగతేంటి అని అడిగాను. "పవర్ అడిగావు, ఇచ్చాను. బ్రేకులు అడిగావా?" అని, నా భుజం మీదుగా ఆ కుర్రాడి వైపు చూసి, నాతో అప్పట్లో మాట్లాడినంత మెత్తగా అన్నాడు: "నువ్వు చూసుకో అన్నా, ఈయన మాటలు పట్టించుకోకు."

డబ్బు పోయింది, బండి పోయింది, అవన్నీ ఒక ఎత్తు. ఆ "అన్నా" ఒక ఎత్తు. నేనేం తక్కువ తినలేదు లెండి. ఇంజన్‌కి ఓడోమీటర్ ఉండదు, అది డాష్‌బోర్డులో ఉంటుంది. బండిలోంచి ఊడదీసి నేల మీద పెట్టిన ఇంజన్ ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో మార్కర్‌కి ఎలా తెలుస్తుందని ఒక్కసారైనా ఆలోచించానా? లేదు. ఇప్పుడు నా కాగితాల్లో ఉన్న ఇంజన్ వాడి షెడ్డులో అమ్మకానికి ఉంది, నా బండిలో ఉన్న ఇంజన్ ఏ కాగితంలోనూ లేదు. రేపు ఎక్కడైనా గుద్దితే ఇన్సూరెన్స్ వాళ్లకి ఏం చెప్పాలో నాకే తెలియదు. కేసు పెడుతున్నాను, అది వేరే కథ.

పెద్ద ఇంజన్ ఎక్కించుకోవాలనే ఉంటే మీ ఇష్టం. డబ్బులిచ్చేముందు మీ మెకానిక్‌ని వెంట తీసుకెళ్లి కంప్రెషన్ చూపించండి. గేర్‌బాక్స్, రేడియేటర్, బ్రేకులు, వైరింగ్, ఏవేవి మారుస్తారో రాయించుకోండి. ఇంజన్ నంబర్ కాగితాల్లోకి ఎక్కేలా చూసుకోండి. పాత ఇంజన్ ఆ రోజే ఇంటికి తెచ్చేసుకోండి.

ఆ కుర్రాడు అడ్వాన్స్ ఇచ్చేసి వెళ్లాడట. తమ్ముడూ, ఇది నీకు కనిపిస్తే: ఆ పసుపు మూత ఇంజన్ 28 వేలు కాదు, 1,12,000 తిరిగింది. తిప్పింది నేనే. నీళ్ల పంపు కూడా ఒకసారి మార్పించాను.