బాల్సా విమానానికి ఏ హింజ్ కొనాలి: సీఏ, పాయింట్, పిన్ను రకాలు పక్కపక్కన పెట్టి చూస్తే

రిమోట్‌తో ఎగరేసే బాల్సా (తేలికపాటి చెక్క) మోడల్ విమానంలో రెక్కకీ తోకకీ ఉండే కదిలే పలకల్ని పట్టి ఉంచే కీలే హింజ్. రెక్క వెనక అంచున కదిలేది ఐలెరాన్, తోకలో అడ్డంగా ఉండేది ఎలివేటర్, నిలువుగా ఉండేది రడ్డర్. తీర్పు ముందే చెప్పేస్తాం. 0.40 నుంచి 0.60 ఘనపుటంగుళాల గ్లో ఇంజన్ (మిథనాల్ ఇంధనంతో నడిచేది, అంటే ఆరున్నర నుంచి పది సీసీ) పెట్టే ట్రైనర్‌కి (ఎగరేయడం నేర్చుకునే మోడల్), లేదా అంత సైజు ఎలక్ట్రిక్ బాల్సా మోడల్‌కి సీఏ (సయనోఅక్రిలేట్ జిగురుతో అతికించే) హింజ్ చాలు. వింగ్‌స్పాన్ (రెక్క కొస నుంచి కొసకి) రెండు మీటర్లు దాటి పెట్రోల్ ఇంజన్ బిగించే మోడల్ అయితే పాయింట్ హింజ్ తీసుకోండి. పిన్ను లాగితే రెండు ముక్కలయ్యే నైలాన్ హింజ్ మాత్రం రడ్డర్‌నో ఎలివేటర్‌నో నిజంగా విప్పి పెట్టుకోవాల్సిన వాళ్లకే.

మూడింటిలో ఏది కొన్నా, హింజ్ తనంతట తాను తెగిపోవడం అరుదు. ఊడేది దాదాపు ఎప్పుడూ చెక్కలోంచే. హింజ్ దూర్చడానికి చెక్కలో కోసిన గాటు వదులుగా ఉండటం వల్లో, జిగురు లోపలిదాకా వెళ్లకపోవడం వల్లో ఊడుతుంది. అందుకే ఇక్కడ హింజ్‌తో పాటు జిగురు, గాటు సంగతి కూడా చూస్తున్నాం.

సీఏ హింజ్

ప్యాకెట్ విప్పగానే ‘దీనికా డబ్బులు పెట్టింది’ అనిపిస్తుంది. పోస్టల్ స్టాంపంత తెల్లటి బిళ్లలు, అంతే. ఎక్కువగా దొరికే సైజు ముప్పావు అంగుళం వెడల్పు, అంగుళం పొడవు. గోటితో గీకి చూస్తే విషయం తెలుస్తుంది: మధ్యలో గట్టి పాలియెస్టర్ పొర, దానికి రెండు వైపులా జిగురు పీల్చే పీచు. దీపపు ఒత్తి నూనె పీల్చినట్టు ఆ పీచు పల్చటి సయనోఅక్రిలేట్‌ని, అంటే మన ఫెవిక్విక్ జాతి జిగురుని, చెక్క లోపలికి లాక్కుంటుంది. గ్రేట్ ప్లేన్స్ పేరుతో వచ్చేవీ, సిగ్ కంపెనీ ఈజీ హింజ్‌లూ ఈ రకానివే. గ్రేట్ ప్లేన్స్ మాతృసంస్థ హాబికో 2018లో దివాలా తీసింది కాబట్టి ఆ పేరుతో ఇప్పుడు కనిపించే ప్యాకెట్లలో పాత సరుకు ఉండొచ్చు. హింజ్‌కి వయసు పెద్ద సమస్య కాదు, తేమా నూనే తగలకుండా ఉంటే చాలు. జిగురు సీసా సంగతి వేరు. దాని మీద తేదీ చూడకుండా కొనొద్దు.

ఎన్ని కావాలంటే, 12 నుంచి 15 సెంటీమీటర్లకి ఒకటి చొప్పున లెక్కేసుకోండి. చివరి హింజ్‌లు అంచు నుంచి రెండున్నర సెంటీమీటర్లు లోపల ఉండాలి. కంట్రోల్ హార్న్ (సర్వో అనే చిన్న మోటారు తోసే కడ్డీ తగిలించే కొమ్ము) బిగించే చోటికి దగ్గర్లో ఒకటి తప్పనిసరి, ఎందుకంటే సర్వో తోసే బలమంతా అక్కడే పడుతుంది. 60 సెంటీమీటర్ల ఐలెరాన్‌లు రెండు ఉంటే పది, ఎలివేటర్‌కి ఐదు, రడ్డర్‌కి మూడు: మొత్తం పద్దెనిమిది. రెండు పాడవుతాయనుకుని ఇరవై దగ్గర పెట్టుకోండి.

గాటు పెట్టడానికి హాబీ కత్తికి వేసే 11వ నంబరు బ్లేడు సరిపోతుంది. చెక్క మందానికి సరిగ్గా మధ్యలో పెన్సిల్ గీత గీసి, ఆ గీత మీద బ్లేడుని కొంచెం కొంచెంగా దించాలి. ఒక్క పోటుతో దించితే బ్లేడు బాల్సా పోగుల వెంట పక్కకి జారి, రెక్క పైతొక్కలోంచి బయటికి వస్తుంది. హింజ్ వేలితో కాస్త నొక్కితే దిగాలి. ఊదితే జారిపోయేంత వదులైతే ఆ గాటు పనికిరాదు. పల్చటి సీఏ ఖాళీని నింపదు, ఆనుకుని ఉన్న రెండింటినే అతికిస్తుంది. అలాంటి గాటులో సన్నటి బాల్సా పలక అతికించి పూడ్చేసి, పక్కనే కొత్తది పెట్టడం మేలు.

చాలామంది వదిలేసే పని ఇంకొకటుంది. గాటు మధ్యలో రెండు నుంచి రెండున్నర మిల్లీమీటర్ల బిట్‌తో 12 మిల్లీమీటర్ల లోతు రంధ్రం వేయాలి. రెక్క వైపు ఒకటి, ఐలెరాన్ వైపు ఒకటి. జిగురు బిళ్ల అడుగుదాకా వెళ్లడానికి అదే కాలువ. ఈ రంధ్రం లేకపోతే జిగురు అంచు దగ్గరే గట్టిపడి, లోపలి సగం తెల్లగా పొడిగా మిగిలిపోతుంది. బిట్‌ని డ్రిల్ మెషిన్‌కి కాకుండా చేత్తో తిప్పే పిన్ వైస్‌కి బిగించండి. బాల్సా మెత్తన, మెషిన్ చెయ్యి దాటిపోతుంది.

చెక్క మీద తొడుగులా వేసే మోనోకోట్ లాంటి ప్లాస్టిక్ ఫిల్మ్ ముందే అతికించేసి ఉంటే, గాటు చుట్టూ మిల్లీమీటరున్నర మేర కోసి తీసేయండి. లేకపోతే జిగురు ఫిల్మ్ కిందికి పాకి మరక పడుతుంది. లోపలికి వెళ్లాల్సిన జిగురు అక్కడే ఖర్చయిపోతుంది కూడా.

బిగించేటప్పుడు హింజ్ సరిగ్గా మధ్యలో గుండుసూది గుచ్చి, సగం రెక్కలోకి దించండి. ఐలెరాన్‌ని సూదికి తగిలేదాకా తోసి, సూదులన్నీ లాగేసి, సందు మూసేయండి. ఇక్కడ ఐలెరాన్‌ని కిందికి పూర్తిగా వంచి పట్టుకుని తోస్తే ఎంత సందు అవసరమో అంతే మిగులుతుంది. సూది లేకుండా చేస్తే బిళ్ల ఒకవైపు పూర్తిగా దిగిపోయి, రెండోవైపు నాలుగు మిల్లీమీటర్లే పట్టుకుని ఉంటుంది. పైనుంచి చూస్తే అసలు తెలియదు.

ఇక జిగురు. హింజ్ మీద సందులో ఆరు చుక్కలు, ఒకదాని తర్వాత ఒకటి. కొన్ని సెకన్లు ఆగి, తిప్పి రెండోవైపు ఆరు. ఆ చుక్కని దగ్గరగా చూడండి. తాజా పల్చటి జిగురైతే తెల్లటి పీచు మీద పడగానే మాయమై, ఆ చోటు తడిసిన నూలుగుడ్డలా కాస్త ముదురు రంగుకి తిరుగుతుంది. చుక్క పూసలా అలాగే నిలబడితే జిగురు పాతబడి చిక్కబడిందన్నమాట. ఆ సీసా పక్కన పెట్టేయండి. మీడియం, థిక్ సీఏలు ఈ పనికి రావు. కిక్కర్ అసలే వద్దు, అది పైన జిగురుని క్షణంలో బిగదీసి కాలువ మూసేస్తుంది. కిరాణా కొట్లో దొరికే చిన్న ట్యూబులతో ఇబ్బంది చుక్క సైజు మన చేతిలో లేకపోవడం. ఎక్కువ పడితే జిగురు హింజ్ గీతంతా పాకి ఐలెరాన్‌ని రెక్కకే అతికించేస్తుంది. సన్నటి టెఫ్లాన్ గొట్టం ఉన్న సీసా కొంచెం ఖరీదైనా అదే కొనండి.

సీఏ గాలిలో తేమతో గట్టిపడుతుంది. విశాఖ, కాకినాడ వైపు ఉక్కపోత రోజుల్లో చుక్కల మధ్య ఆలోచించే టైమ్ ఉండదు. ఎండిపోయిన వేసవి మధ్యాహ్నం హైదరాబాద్‌లో కాస్త నిదానంగా పడుతుంది. ఫ్రిజ్‌లో పెట్టిన సీసాని గది వేడికి వచ్చేదాకా మూత తీయకండి. చల్లటి సీసా లోపల తేమ చేరితే మిగతా జిగురూ పోయినట్టే.

పది నిమిషాలాగి ఐలెరాన్‌ని పైకీ కిందికీ ఇరవై ముప్పైసార్లు ఆడించండి. మొదట బిరుసుగా ఉండి తర్వాత వదులవుతుంది. తర్వాత కూడా బిరుసు తగ్గకపోతే సందు మరీ తక్కువైందని అర్థం. సర్వో గుయ్‌మంటూ కరెంటు తాగుతూనే ఉంటుంది.

మొదటిసారి చేసేవాళ్లు ఒక్క హింజ్ తగలేసుకోండి. రెండు బాల్సా తుక్కుముక్కల మధ్య ఇదే పద్ధతిలో అతికించి, గంట తర్వాత బలంగా లాగండి. చెక్క చీలి పోగులు హింజ్‌కి అంటుకుని వస్తే మీ జిగురు, గాటు రెండూ బాగున్నాయి. హింజ్ శుభ్రంగా తెల్లగా బయటికి వచ్చిందా, పద్ధతి మార్చాకే విమానం ముట్టుకోండి.

ధరకీ, బరువుకీ, పనితనానికీ కలిపి దీనికి పదికి తొమ్మిది. ఆ ఒక్క మార్కు ఎందుకు పోయిందంటే, ఒకసారి అతికిస్తే విప్పలేం.

పాయింట్ హింజ్

అమెరికా కంపెనీ రోబార్ట్ హింజ్ పాయింట్లు ఈ రకానికి పేరైపోయాయి. గుండ్రటి నైలాన్ పుల్లలు రెండు మధ్యలో కీలుతో కలిసి ఉంటాయి, పుల్లల మీద చేపముల్లులా గాట్లు. గాటు కోసే బాధ లేదు, రంధ్రం వేస్తే చాలు. ఆ రంధ్రం మాత్రం తిన్నగా పడాలి.

ఒకటి బై ఎనిమిది అంగుళం సైజుకి 3.2 మిల్లీమీటర్ల బిట్ కావాలి. హార్డ్‌వేర్ షాపులో అడగ్గానే ఇచ్చేది 3 మిల్లీమీటర్లది. దాంతో వేస్తే హింజ్ బిగుతుగా దిగుతుంది కానీ జిగురుకి చోటుండదు. పెద్ద మోడళ్లకి మూడు బై పదహారు అంగుళం సైజు. తిన్నగా వేయడానికి అదే కంపెనీ డ్రిల్ జిగ్ అమ్ముతుంది. పది పన్నెండు హింజ్‌లు పెట్టే పని ఉంటే కొనడం దండగ కాదు. చేతి అంచనాతో వేసినవాటిలో ఒక్కటి వంకరపోయినా మిగతావన్నీ దాంతో కొట్లాడుతూ ఉంటాయి.

ఇందులో అసలు కిటుకు కీలు ఎక్కడ కూర్చోవాలన్నది. కీలు మధ్యబిందువు సరిగ్గా హింజ్ గీత మీదికి రావాలి. దానికోసం రంధ్రం మూతిని కీలు సగం మునిగేంత గరాటులా వెడల్పు చేయాలి. అన్ని కీళ్లనీ కలుపుతూ ఒక దారం లాగి చూడండి. ఒక్కటి బయటికి పొడుచుకొచ్చినా ఐలెరాన్ తిరిగేటప్పుడు పట్టేస్తుంది. సందు కూడా అక్కర్లేనంత పెద్దదవుతుంది.

జిగురు 30 నిమిషాల ఎపాక్సీ. ఐదు నిమిషాలది పెడితే నాలుగో హింజ్‌కి వచ్చేసరికి గిన్నెలోనే గట్టిపడుతుంది. మామూలు అరాల్డైట్ ఇంకా నిదానం కాబట్టి తొందర లేనివాళ్లకి అదీ బాగానే పనిచేస్తుంది. ముందు టూత్‌పిక్‌తో కీలు మీద మాత్రం వాజెలైన్ రాయండి, పుల్లలకి తగలనివ్వకండి. జిగురుని రంధ్రం లోపల పూయాలి. పుల్లకి పూసి దించితే మూతి దగ్గరే తుడిచిపెట్టుకుపోతుంది. రంధ్రం నిండా పోసినా చిక్కే, లోపల ఇరుక్కున్న గాలి కాసేపటికి హింజ్‌ని బయటికి నెట్టేస్తుంది. పుల్ల వెంట బ్లేడుతో సన్నటి గాడి తీస్తే గాలికి దారి దొరుకుతుంది. ఎపాక్సీ పచ్చిగా ఉండగానే ఐలెరాన్‌ని రెండువైపులా పూర్తిగా వంచండి. కీళ్లు వాటంతట అవే ఒకే వరసలోకి తిరుగుతాయి.

తిరుగుడు దీనంత సాఫీగా మరే హింజ్‌కీ ఉండదు, సర్వో మీద భారం లేనట్టే. అయితే పల్చటి ఎలివేటర్లకి ఇది పెట్టకండి. 6 మిల్లీమీటర్ల చెక్కలో 3.2 మిల్లీమీటర్ల రంధ్రం వేస్తే పైనా కిందా మిగిలేది మిల్లీమీటరున్నర కూడా లేదు.

పిన్ను నైలాన్ హింజ్

డూబ్రో లాంటి కంపెనీల బల్లపరుపు నైలాన్ హింజ్‌లు. తలుపు బందునే చిన్నది చేసినట్టుంటాయి. మూడింటిలో ఓపిక ఎక్కువ అడిగేది ఇదే. గాటు బ్లేడు మందం కన్నా వెడల్పుగా కావాలి, కీలు కూర్చోవడానికి చెక్కలో చిన్న గుంట తీయాలి, పైగా నైలాన్‌కి ఏ జిగురూ నమ్మకంగా అంటదు. రేకుల్లో చిల్లులున్నది అందుకే. ఎపాక్సీ ఆ చిల్లుల్లోంచి దాటి మేకులా బిగుస్తుంది. అయినా రేకుల్ని ఉప్పుకాగితంతో గరుకు చేసి, ఆరాక చెక్క పైనుంచి రేకు గుండా టూత్‌పిక్ దించి అతికించి, పైకి మిగిలింది కోసేయడం మంచిది. ఆ పుల్ల లేని నైలాన్ హింజ్‌ని నమ్మి ఎగరేయొద్దు.

ఇంత కష్టపడితే దక్కేది ఒకటే: పిన్ను లాగగానే రడ్డర్ చేతికి వస్తుంది. ఫిల్మ్ అతికించడానికీ, కారు డిక్కీలో సర్దడానికీ హాయి. పిన్ను కొస వంచడం మాత్రం మరిచిపోకండి, ఇంజన్ వణుకుడికి అది మెల్లగా జారుతుంది. పదికి ఆరు.

డబ్బు ఆదా పేరుతో పాత ఎక్స్‌రే ఫిల్ము, ఫ్లాపీలోని డిస్కు కోసి హింజ్ చేసే అలవాటు కాలేజీ టీముల్లో కనిపిస్తుంది. వంగడం బాగానే వంగుతాయి. నున్నగా ఉంటాయి కాబట్టి జిగురు పీల్చవు, గరుకు చేయకపోతే చెక్కలోంచి జారి వస్తాయి. చిన్న ఎలక్ట్రిక్ మోడల్ దాటి వాడొద్దు. ఫోమ్ విమానాల్లో ఈపీఓ రకం ఫోమ్‌కి మామూలు సీఏ పర్వాలేదు. థర్మాకోల్ జాతి ఈపీఎస్‌ని, డెప్రాన్ ఫోమ్ పలకల్ని అది కరిగించేస్తుంది, వాటికి ఫోమ్ సేఫ్ రకమే కొనాలి.

గ్లో ఇంజన్ వాడేవాళ్లకి ఒక మాట. సైలెన్సర్‌లోంచి వచ్చే నూనె హింజ్ సందులో చేరి పచ్చి బాల్సాలోకి ఇంకుతుంది. నూనె తాగిన చెక్క మళ్లీ ఏ జిగురూ పట్టదు. హింజ్‌లు బిగించకముందే రెండు అంచులకీ పల్చటి ఎపాక్సీ పూత ఇవ్వండి, గాటు నోట్లోకి పోకుండా.

బిగించాక ప్రతి హింజ్ దగ్గరా ఐలెరాన్‌ని వేళ్లతో పట్టుకుని గట్టిగా లాగి చూడాలి. భయంభయంగా కాదు, చెక్క విరిగితే విరగనీ అన్నంత గట్టిగా. సీజన్‌లో నెలకోసారి ఇదే పరీక్ష, ముఖ్యంగా హార్న్ పక్కనున్న హింజ్‌కి. గాల్లో వేగంగా దిగుతున్నప్పుడు రెక్క నుంచి తుమ్మెద రొద లాంటి శబ్దం వస్తే అది ఫ్లట్టర్, అంటే ఐలెరాన్ గాలికి వేగంగా వణకడం. వెంటనే థ్రాటిల్ తగ్గించి, ముక్కు మెల్లగా పైకెత్తి వేగం తగ్గించి దింపేయండి. నేల మీదికి వచ్చాక ముందు హింజ్‌లు లాగి చూడండి, తర్వాత పుష్‌రాడ్ (సర్వో నుంచి హార్న్‌కి వెళ్లే కడ్డీ) వదులు చూడండి. రెండూ గట్టిగా ఉంటే హింజ్ సందుని వెలుతురుకి పట్టి చూడండి. వెలుగు గీతలా కనిపిస్తే సందు ఎక్కువైనట్టే, కింది వైపు పారదర్శక ఫిల్ముతో మూసేయాలి.